మంగళవారం నీళ్ల వంతు ఎవరిది?

నలుగురూ కలిసి పెంచే తోట గురించి ఎవరికి చెప్పినా ముందు అడిగేది "ఎన్ని కూరగాయలు వస్తాయేంటి?" అనే. వస్తాయి, బాగానే వస్తాయి. కానీ ఒక మనిషి వంతుకి వచ్చే మంచమంత మడిలో ఇంటిల్లిపాదికీ ఏడాదంతా సరిపడా పండించడం కుదిరే పని కాదు, ఆ లెక్క ఒక్కటే చూసుకుంటే బజారుకి వెళ్లి కొనుక్కోవడమే సులువు. అయినా సరే ఖాళీ స్థలాల్లో, అపార్ట్‌మెంట్ల వెనక, బడి ఆవరణల్లో, మేడల మీద ఇలాంటి తోటలు పుట్టుకొస్తూనే ఉన్నాయి, ఒకసారి అలవాటైనవాళ్లు అంత తేలిగ్గా వదలరు. నేనూ ఒక తోటలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. చూసినదాన్ని బట్టి, చదివినదాన్ని బట్టి నాకు గట్టిగా అనిపించేది ఇది: తోట మన ఆరోగ్యానికి చేసే మేలులో కాయగూరల వాటా తక్కువ, అక్కడికి వెళ్లక తప్పదన్న నియమానిదే పెద్ద వాటా.

ఈ వెళ్లక తప్పకపోవడం చిన్న విషయం కాదు. ఉత్సాహంగా నడక మొదలుపెట్టి నెల తిరక్కుండా మానేసినవాళ్లు మనలో ఎంతమంది లేరు! ఒళ్లు బద్ధకించిన రోజు "రేపు చూద్దాంలే" అనుకుంటాం, ఆ రేపు ఇక రాదు. మన ఒంటి కోసం మనం చేసుకునే పని మానేస్తే అడిగేవాళ్లుండరు కదా. మొక్కల సంగతి అలా కాదు. ఎండలు మండుతున్నప్పుడు లేత నారుకి రెండు రోజులు నీళ్లు పడకపోతే మూడో రోజుకి అది ఉండదు. పైగా అది నాదొక్కరిదే అయితే పోనీలే అనుకోవచ్చు, పక్క మడివాళ్లు నామీద భరోసాతో ఊరెళ్లారంటే అలా అనుకోలేం. తలనొప్పిగా ఉన్నా, ఆఫీసులో చికాకు పడి వచ్చినా, ఎవరితోనూ మాట్లాడాలని లేకపోయినా లేచి వెళ్తాం. వెళ్లాక పది నిమిషాలకి ఆ చికాకు ఎక్కడికి పోయిందో గుర్తుండదు.

మా తోటలో కుళాయి పక్కన గోడకి ఒక పలక వేలాడుతూ ఉంటుంది. దాని మీద వారాల పేర్లు, ఒక్కో వారం ఎదురుగా నీళ్ల వంతు ఎవరిదో వాళ్ల పేరు, సుద్దముక్కతో రాసి ఉంటాయి. వంతు అయిపోయాక పేరు పక్కన టిక్కు పెట్టాలి. ఏర్పాటంతా ఇంతే. కానీ టిక్కు పడలేదంటే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, "ఏమైందండీ, ఒంట్లో బాగుందా?" అని. ఉద్యోగం నుంచి రిటైరై, భార్య పోయాక గడప దాటడమే మానేసిన ఒక పెద్దాయన్ని వాళ్ల కోడలు తీసుకొచ్చి మంగళవారం ఎదురుగా పేరు రాయించి వెళ్లింది. మొదట్లో ఆయన రావడం, నీళ్లు పోయడం, టిక్కు పెట్టడం, ఎవరి ముఖం చూడకుండా వెళ్లిపోవడం. మేమూ కదిలించలేదు. కొన్నాళ్లకి పక్క మడిలో చిక్కుడు పందిరి ఒక పక్కకి ఒరిగిపోతుంటే చూస్తూ ఊరుకోలేక ఆయనే చెయ్యేశారు, కట్టిన తాడు విప్పించి మళ్లీ తన పద్ధతిలో కట్టించారు. ఇప్పుడు ఏ మడిలో పందిరి వేయాలన్నా "బాబాయిగారిని రానివ్వండి" అంటారు. మంగళవారం కాని రోజుల్లో కూడా ఆయన గొడుగు గేటుకి తగిలించి కనిపిస్తుంది.

ఇదంతా ఒక్క తోటలో చూసిన సంగతే అయితే ఇంత పొడుగ్గా రాయాల్సిన పనిలేదు. తోటపని చేసేవాళ్లు మిగతావాళ్లకంటే ఆరోగ్యంగా ఉంటారని సర్వేలు ఎప్పట్నుంచో చెబుతున్నాయి గానీ వాటిలో ఒక చిక్కుంది. ఓపిక, తీరిక, ఆరోగ్యం ఉన్నవాళ్లే తోటపనికి వస్తారేమో, అప్పుడు తోట వల్ల ఆరోగ్యం వచ్చిందా, ఆరోగ్యం ఉండబట్టి తోటకి వచ్చారా? ఇది తేలాలంటే కొత్త మందుని పరీక్షించే పద్ధతిలోనే తోటనీ పరీక్షించాలి. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన జిల్ లిట్ బృందం ఆ పనే చేసింది. డెన్వర్, అరోరా నగరాల్లో కమ్యూనిటీ గార్డెన్లలో చోటు కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్న, తోటపని అలవాటు లేని 291 మందిని తీసుకుని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడగొట్టారు. ఒక జట్టుకి ఆ ఏడాదే మడి, విత్తనాలు, నారు, కొంత శిక్షణ ఇచ్చారు, రెండో జట్టుని ఇంకో ఏడాది ఆగమన్నారు. వచ్చినవాళ్లలో సగానికి పైగా తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలవాళ్లే. ఎవరికి మడి దక్కాలో చీటీ తేల్చింది కాబట్టి, తర్వాత కనబడిన తేడా తోట వల్ల వచ్చిందని ధైర్యంగా చెప్పొచ్చు.

2023లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. మడి దక్కినవాళ్లు దక్కనివాళ్లకంటే రోజుకి సుమారు 1.4 గ్రాముల పీచుపదార్థం ఎక్కువ తిన్నారు. కాస్త చెమట పట్టే స్థాయి శ్రమ వారానికి 42 నిమిషాలు పెరిగింది. ఒత్తిడి, ఆందోళన తగ్గాయి, అదీ మొదట్లో ఎక్కువ టెన్షన్‌తో వచ్చినవాళ్లలోనే ఎక్కువగా తగ్గాయి. 1.4 గ్రాములంటే ఇంతేనా అనిపిస్తుంది. కానీ పెద్దవాళ్లకి రోజుకి 25 నుంచి 38 గ్రాముల పీచు కావాలంటారు, అక్కడ సగటు మనిషి తినేది 16 గ్రాముల లోపే, డైట్ చార్టు ఇచ్చి బతిమాలినా ఆ అంకె కదలడం ఎంత కష్టమో ఏ డాక్టర్ని అడిగినా చెబుతారు. ఇక్కడ ఎవరూ ఎవరికీ తిండి గురించి ఉపన్యాసం ఇవ్వలేదు, తాము పెంచింది కాబట్టి తిన్నారు, అంతే. శ్రమ సంగతీ అంతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ చేయమంటుంది, 42 నిమిషాలంటే అందులో పావు వంతుకి పైనే. వంగి కలుపు తీయడం, నీళ్ల డబ్బాలు మోయడం, పారతో మట్టి తిరగేయడం, ఇవేవీ వ్యాయామం అనిపించవు గనకే జరిగిపోతాయి.

మనసు సంగతికొస్తే నాకు బాగా గుర్తుండిపోయిన ప్రయోగం నెదర్లాండ్స్‌లోది, 2011లో వచ్చింది. తోటపని అలవాటున్న 30 మందికి ముందు కావాలని చికాకు పుట్టించే ఒక పరీక్ష పెట్టారు. తర్వాత సగం మందిని అరగంట తమ తోటలో పనిచేసుకోమన్నారు, మిగతా సగాన్ని అరగంట లోపల కూర్చుని చదువుకోమన్నారు. లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు, ఒత్తిడి ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే హార్మోన్ అది. రెండు జట్లలోనూ తగ్గింది గానీ తోటలో ఉన్నవాళ్లకి ఎక్కువ తగ్గింది, వాళ్ల మూడ్ పూర్తిగా మామూలు స్థితికి వచ్చింది, చదువుకున్నవాళ్ల మూడ్ మాత్రం ఇంకాస్త దిగజారింది. చదవడం అంటే ప్రాణం పెట్టే నాకు ఇది మింగుడుపడని సంగతే, అయినా నిజం. అదే దేశంలో అంతకు ముందటేడు వచ్చిన ఇంకో పరిశీలనలో 62 ఏళ్లు, ఆపైన వయసున్న తోటవాళ్లు, తోట లేని తమ ఇరుగుపొరుగు కంటే ఆరోగ్యం విషయంలో మెరుగ్గా ఉన్నారు. అంతకంటే చిన్నవాళ్లలో ఆ తేడా లేదు. నాకు ఇది ఆశ్చర్యంగా అనిపించలేదు. వయసులో ఉన్నవాళ్లని బయటికి లాగడానికి ఉద్యోగం ఉంది, పిల్లల బడి ఉంది, స్నేహితులు ఉన్నారు. పెద్దయ్యాక ఆ లాగేవన్నీ ఒక్కొక్కటే తెగిపోతాయి, అప్పుడు మంగళవారం నీళ్ల వంతు ఉండటం లేకపోవడం మధ్య చాలా తేడా ఉంది.

తోటలో పనిచేయనివాళ్లకి కూడా మేలు జరుగుతుందా? ఇది అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే వీధిలో వందమంది ఉంటే తోటకి వచ్చేది పది పదిహేను మంది. దీనికి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో దొరికిన జవాబు నన్ను చాలా కదిలించింది. అక్కడ చెత్తాచెదారం పేరుకుపోయిన 541 ఖాళీ స్థలాల్ని తీసుకుని, కొన్నిటిలో చెత్త తీసి గడ్డి వేసి నాలుగు చెట్లు నాటి చుట్టూ చిన్న చెక్క కంచె కట్టారు, కొన్నిటిలో చెత్త మాత్రమే తీశారు, కొన్నిటిని అలాగే వదిలేశారు. ఏ స్థలానికి ఏది అనేది ఇక్కడా లాటరీయే. ముందూ తర్వాతా చుట్టుపక్కల ఉండేవాళ్లని వాళ్ల మనసు ఎలా ఉందో అడిగారు. 2018లో యూజీనియా సౌత్, చార్లెస్ బ్రానస్ బృందం ప్రచురించిన ఫలితాల్లో, పచ్చగా మార్చిన స్థలాల దగ్గర ఉన్నవాళ్లలో దిగులుగా ఉందని చెప్పినవాళ్లు, అలాగే వదిలేసిన చోట్లతో పోలిస్తే 41.5 శాతం తగ్గారు. పేదలు ఎక్కువగా ఉండే పేటల్లో ఆ తగ్గుదల 68 శాతం దాకా ఉంది. చెత్త మాత్రమే తీసేసిన చోట చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. గమనించండి, అక్కడ ఒక్క వంకాయ మొక్క కూడా లేదు, ఉత్త గడ్డీ చెట్లే. రోజూ నడిచే దారిలో పాడుబడ్డ స్థలం ఉండటం మనిషి మీద ఎంత బరువు పెడుతుందో, అది తీసేస్తే ఎంత తేలికవుతుందో దీన్ని బట్టి తెలుస్తోంది.

ఇక ఇరుగుపొరుగు ఒకరికొకరు తెలిసి ఉండటం. దీన్ని చాలామంది "బాగుంటుంది" అనే మాటతో సరిపెట్టేస్తారు, నిజానికిది చావుబతుకుల విషయం. 1995 జులైలో షికాగోలో వడగాడ్పులు వచ్చాయి, మామూలుగా ఆ రోజుల్లో పోయేవాళ్లకంటే 739 మంది ఎక్కువగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు, తలుపులు కిటికీలు మూసుకున్న గదుల్లో, ఎవరికీ తెలియకుండా. తర్వాత పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్తలకి కనిపించింది ఏమిటంటే, పక్కపక్కనే ఉన్న, పేదరికంలో దాదాపు ఒకేలా ఉన్న రెండు పేటల్లో కూడా చావుల్లో పెద్ద తేడా ఉంది. వీధులు సందడిగా ఉండి, జనం బయట తిరుగుతూ ఒకరినొకరు ఎరిగి ఉన్న పేటలో తక్కువమంది పోయారు. టిక్కు పడకపోతే ఫోన్ చేస్తారని పైన రాశాను చూడండి, దానికి నేను ఎందుకంత విలువ ఇస్తానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఎండాకాలంలో ఆ ఒక్క ఫోనే ప్రాణం కాపాడొచ్చు.

ఇంత చెప్పాక జాగ్రత్తల గురించి చెప్పకపోతే అన్యాయం. ఆరోగ్యం కోసం మొదలుపెట్టిన తోటే జబ్బు తెచ్చిపెట్టే దారులు కొన్ని ఉన్నాయి, వాటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది సీసం. ఊరి మధ్య ఖాళీగా ఉన్న స్థలం అంటే ఒకప్పుడు అక్కడ ఏదో ఉండి ఉంటుంది, పాత ఇల్లో, మెకానిక్ షెడ్డో, బ్యాటరీల దుకాణమో. పాత రంగుల్లో సీసం ఉండేది. పెట్రోల్లో దశాబ్దాల పాటు సీసం కలిపారు, ప్రపంచంలో కార్ల కోసం సీసం పెట్రోలు అమ్మడం చిట్టచివరి దేశంలో ఆగింది 2021లో. ఆ పొగలోంచి రోడ్ల పక్క మట్టిలోకి దిగిన సీసం కరిగిపోదు, కుళ్లిపోదు, పైపొరలోనే తరాల తరబడి ఉండిపోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకి సీసం చేసే హాని తిరిగి బాగుచేయలేనిది, ఇంతవరకే అయితే ఫర్వాలేదు అనే హద్దు ఏదీ లేదు.

అందుకని విత్తనాల కంటే ముందు మట్టి పరీక్ష. స్థలంలో ఒక్క చోట కాదు, నాలుగైదు చోట్ల నుంచి, ముఖ్యంగా పాత గోడల వారగా, రోడ్డు వైపున మట్టి తీసి ల్యాబ్‌కి పంపాలి, మామూలు ఎరువుల పరీక్ష కాకుండా సీసం, ఆర్సెనిక్, కాడ్మియం లాంటి విషపదార్థాలు ఉన్నాయేమో చూడమని ప్రత్యేకంగా చెప్పాలి. ఫలితం అనుమానంగా ఉంటే ఆ నేలలో నేరుగా నాటొద్దు, నేల మీద నీరు దిగే మందపాటి గుడ్డ పరిచి, చెక్కతోనో ఇటుకతోనో చుట్టూ కట్టి, తెలిసిన చోటు నుంచి తెచ్చిన మంచి మట్టి, కంపోస్టు నింపి ఎత్తు మడులు చేసుకోవాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, సీసం మనలోకి వెళ్లేది మొక్క లోపలి నుంచి కంటే మట్టి దుమ్ము రూపంలోనే ఎక్కువ. టమాటా, వంకాయ, బీన్స్ లాంటి కాయల్లోకి అది చాలా తక్కువగా చేరుతుంది, ఆకుకూరలకీ దుంపలకీ మట్టి అంటుకుని ఉంటుంది కాబట్టి వాటితోనే జాగ్రత్త. కడగాలి, దుంపల తొక్క తీయాలి, తోట నుంచి రాగానే చేతులు కడుక్కోవాలి, చిన్నపిల్లలు మట్టి నోట్లో పెట్టుకోకుండా చూడాలి, మడుల మధ్య దారుల్లో చెక్క పొట్టు పరిస్తే దుమ్ము లేవదు.

మూటల్లో వచ్చే పాటింగ్ మట్టితోనూ కొంచెం చూసుకోవాలి. అందులో కొన్నిసార్లు లెజియోనెల్లా లాంగ్‌బీచీ అనే బ్యాక్టీరియా ఉంటుంది, దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో మూటల మీదే హెచ్చరిక రాస్తారు. మూట విప్పేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకుని, నీళ్లు చిలకరించి, మాస్కూ గ్లవ్సూ వేసుకుంటే సరిపోతుంది. నీళ్ల డ్రమ్ములకి మూతలు లేకపోతే దోమలు, ధనుర్వాతం టీకా వేయించుకుని చాలాకాలమైతే మళ్లీ వేయించుకోవడం, ఇవి ఎలాగూ తెలిసినవే.

కంపోస్టు గుట్ట గురించి మాత్రం కాస్త ఎక్కువే చెబుతాను, నాకు తోటలో అన్నిటికంటే ఇష్టమైన మూల అదే. ఎండుటాకులూ కాగితం ముక్కలూ ఒక పొర, కూరగాయల తొక్కులూ పచ్చి గడ్డీ ఒక పొర. పుస్తకాల్లో కార్బన్ 25 నుంచి 30 పాళ్లకి నత్రజని ఒక పాలు అని రాస్తారు, చేతి లెక్కలో చెప్పాలంటే ఎండుది రెండు మూడు గంపలైతే పచ్చిది ఒక గంప. పిండితే ఒకట్రెండు చుక్కలు రాలేంత తడి ఉండాలి. గుట్ట ఛాతీ ఎత్తున ఉంటే నాలుగైదు రోజులకి లోపల వేడెక్కుతుంది. చలి ఉదయాల్లో పారతో ఒక పక్క తెరిస్తే ఆవిరి పైకి లేస్తుంది, అరచెయ్యి దగ్గరికి పెట్టి చూస్తే ఎక్కువసేపు ఉంచలేం, 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. ఆ వేడి మూడు రోజులకి పైగా నిలిస్తే రోగకారక క్రిములు, చాలా రకాల కలుపు విత్తనాలు చచ్చిపోతాయి. వేడి తగ్గగానే బయటిది లోపలికి, లోపలిది బయటికి తిరగేస్తే మళ్లీ వేడెక్కుతుంది. ఈ తిరగేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, ఇద్దరు ముగ్గురు కావాలి, మాటలు వద్దన్నా సాగుతాయి. ఇంట్లో రెండు ముక్కలకి మించి మాట్లాడని పదిహేనేళ్ల పిల్లలు కంపోస్టు తిరగేస్తూ తమ పరీక్షల భయాల దగ్గర్నుంచి అన్నీ చెప్పడం నేను విన్నాను. ఎదురెదురుగా కూర్చోబెట్టి "చెప్పు, ఏం జరిగింది" అంటే రాని మాట, ఇద్దరి చూపూ మట్టి మీద ఉన్నప్పుడు వచ్చేస్తుంది.

తోట అందరిదీ అని బోర్డు పెట్టినంత మాత్రాన అందరిదీ అయిపోదు. గేటు తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి? పనికి కలిసే సమయం ఆదివారం పొద్దున్నే అని పెడితే ఆదివారాలు కూడా డ్యూటీ ఉండే ఆసుపత్రి ఆయాలు, డ్రైవర్లు ఎలా వస్తారు? మోకాళ్లు వంగనివాళ్లకి నడుం ఎత్తు మడులు రెండైనా ఉండాలి, చక్రాల కుర్చీ పట్టేలా దారి కనీసం మూడు అడుగులకి పైగా ఉండాలి, నీడలో కూర్చోడానికి ఒక బల్ల ఉండాలి. బల్ల విషయంలో మా దగ్గర పెద్ద వాదనే జరిగింది, ఆ చోట ఇంకో మడి వస్తుంది కదా అని. బల్లే గెలిచింది, నాకు ఇప్పటికీ అదే సరైన నిర్ణయమనిపిస్తుంది, గర్భిణులు, కాన్పై ఇంకా ఓపిక రానివాళ్లు, కీమో చేయించుకుంటున్న ఒకావిడ, వీళ్లంతా తోటకి రాగలుగుతున్నది ఆ బల్ల ఉండబట్టే. పని చేసినవాళ్లకే తోట అనే నియమం వినడానికి న్యాయంగా ఉంటుంది, తోట అవసరం ఎక్కువగా ఉన్నవాళ్లనే అది బయట నిలబెడుతుంది.

గొడవలు వస్తాయి. ఎవరి టమాటాలో ఎవరో కోసుకుపోతారు, ఒకరు మందు కొడతానంటే ఇంకొకరు వద్దంటారు, కలుపు తీయని మడి నుంచి విత్తనాలు పక్క మడిలో పడతాయి. గేటు దగ్గర కోసుకునేవాళ్ల కోసం ఒక వరస ప్రత్యేకంగా నాటితే దొంగతనాలు చాలావరకు తగ్గుతాయి, మిగతావి నెలకోసారి అందరూ కూర్చుని మాట్లాడుకుంటే తెగుతాయి. ఇంతకు మించి దీని గురించి చెప్పడానికేం లేదు, మనుషులున్న చోట ఇవి ఉంటాయి.

నేల సంగతి మాత్రం అలా తేలిగ్గా తీసుకునేది కాదు. ఊళ్లో స్థలం ధర పెరిగిన రోజు ఎంత పచ్చగా ఉన్న తోటకైనా గండమే, పైగా తోట వల్లే ఆ పేట బాగుపడి, అద్దెలు పెరిగి, తోట పెట్టినవాళ్లే ఖాళీ చేయాల్సి రావడం కూడా జరుగుతుంది. లాస్ ఏంజెలెస్‌లో 14 ఎకరాల సౌత్ సెంట్రల్ ఫార్మ్ ఉండేది, సుమారు 350 కుటుంబాలు పన్నెండేళ్ల పాటు అక్కడ పండించుకున్నాయి. నగరపాలక సంస్థ ఆ స్థలాన్ని పాత యజమానికి తిరిగి అమ్మేసింది, జనం చెట్లెక్కి అడ్డుపడినా 2006 జూన్‌లో బుల్‌డోజర్లు వచ్చాయి. ఆ తర్వాత ఆ స్థలం ఏళ్ల తరబడి ఖాళీగానే పడి ఉంది, ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. న్యూయార్క్‌లో కథ వేరేలా నడిచింది. 1973లో లిజ్ క్రిస్టీ, ఆమె స్నేహితులు బావరీ, హ్యూస్టన్ వీధుల మూలన చెత్తకుప్పగా ఉన్న స్థలాన్ని శుభ్రం చేసి తోట పెట్టారు, దాన్ని చూసి నగరమంతా వందల తోటలు వచ్చాయి. 1999లో నగర ప్రభుత్వం వాటిలో వందకు పైగా తోటల్ని వేలం వేయబోతే జనం వీధుల్లోకి వచ్చారు, చివరికి ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్, నటి బెట్ మిడ్లర్ స్థాపించిన న్యూయార్క్ రిస్టోరేషన్ ప్రాజెక్ట్ కలిసి వాటిని కొని కాపాడాయి. క్రిస్టీ తోట ఇప్పటికీ ఉంది.

చట్టం అండగా ఉన్న చోట ఇంత పోరాటం అక్కర్లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1908 నాటి చట్టం ప్రకారం స్థానికులు ఆరుగురు కలిసి అడిగితే సాగుకి చిన్న మడులు ఇచ్చే విషయం స్థానిక సంస్థ పరిశీలించాల్సిందే. జర్మనీలో 1983 నుంచి చిన్న తోటలకంటూ ప్రత్యేక చట్టమే ఉంది, మడి 400 చదరపు మీటర్లు మించకూడదని, కౌలుదారుని ఇష్టం వచ్చినట్టు వెళ్లగొట్టకూడదని అందులో ఉంది. సింగపూర్‌లో నేల ఎంత కొరతో తెలిసిందే, అయినా 2005 నుంచి అక్కడి పార్కుల సంస్థే ఇళ్ల సముదాయాల్లో తోటలు పెట్టుకోమని ప్రోత్సహిస్తోంది.

అలాంటి అండ లేనిచోట మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, స్థలం యజమాని ఎంత మంచివాడైనా సరే, నోటిమాట మీద గునపం దించకండి. కాగితం రాసుకోండి. ఎన్నేళ్లు, కుళాయి బిల్లు ఎవరు కట్టాలి, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, షెడ్డు వేయొచ్చా లేదా, అన్నీ అందులో ఉండాలి. ఖాళీ చేయమంటే కనీసం నిలిచి ఉన్న పంట చేతికొచ్చేంత గడువు ఇవ్వాలన్న వాక్యం తప్పకుండా రాయించుకోండి. దానికి ఒప్పుకోకపోతే ఆ నేలలో పండ్ల చెట్లు నాటకండి, ఎత్తి వేరే చోటికి పట్టుకెళ్లగలిగే పెట్టెల్లోనే పెంచండి, కంపోస్టు కూడా గోనెసంచుల్లోనే చేయండి.